పాటు వేళ

వన్యప్రాణి వారోత్సవాలని సర్క్యులర్ వచ్చింది.
'జీవవైవిధ్యం' అని బోర్డు మీద రాసి
"ధ కింద య వత్తు మర్చిపోకండర్రా" అన్నాను.
ఎనిమిదో తరగతి, బి సెక్షను, నలభై ఒక్క మంది.
చార్టుకి పది మార్కులు.

ఏనుగులు వచ్చాయి. పెద్దపులులు వచ్చాయి.
మంచు మీద నిలబడ్డ పెంగ్విన్ ఒకటి
పెదజాలరిపేట మునిసిపల్ హైస్కూలుకి
చెమటలు కక్కుతూ వచ్చింది.
భూగోళాన్ని మోస్తున్న రెండు చేతులైతే
పదకొండు జతలు.

అర్జిల్లి నూకరత్నం చార్టు మీద
ఒక నల్లరాయి. అంతే.
రాతి నిండా గుంటలు, గుంటల పక్కన
చీమల బారులా ఏవో పేర్లు,
కొన్నిటి మీద అడ్డగీత.
'అంశం అర్థం చేసుకోలేదు' అని ఎర్రసిరాతో రాసి
నాలుగు వేశాను.

ఏడవలేదు ఆ పిల్ల.
"అమాస ఎల్లిన మర్నాడు, మూడుగంటలకి,
మా మామ్మ నిన్ను రమ్మంది టీచర్" అంది.

జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రం వెనక్కి జరిగి ఉంది
చాప చుట్టి గోడకి ఆనించినట్టు.
బయటపడ్డ రాళ్ళ మీద ఎర్రమ్మ ముందు నడుస్తోంది.
నలభై ఏళ్ళు చేపల గంప మోసిన మెడ,
ఇప్పటికీ నెత్తిన ఏదో ఉన్నట్టే నిటారుగా.
చెప్పులు చేత పట్టుకుని నేను వెనక.

"అక్కడ కాలెట్టకు."
రాయే కదా అన్నాను.
"రాయి కాదది. సూడు."

వంగాను.
అరచేయంత నీళ్ళలో
ఒక పువ్వు తన వేళ్ళు ముడుచుకుంది.
ఎవరి శంఖంలోనో అద్దెకున్న పీత
అద్దె ఎగ్గొట్టినట్టు పరిగెత్తింది.
నల్లటి ముళ్ళబంతి ఒకటి
నన్ను లెక్కచెయ్యకుండా, చాలా నెమ్మదిగా,
తన పని మీద తాను పోతోంది.

పాతికేళ్ళుగా వీటి ఫైలం పేర్లు
వరస తప్పకుండా అప్పజెప్పించుకున్నదాన్ని.
ఒక్కదాన్నీ మొహం చూసి గుర్తుపట్టలేకపోయాను.

ఎర్రమ్మ చెబుతోంది:
ఏ గుంటలో ఏది, ఏ గాలికి ఏది,
గుడ్ల రోజుల్లో దేని జోలికి పోకూడదో.
మధ్యలో ఆగి, ఖాళీ గుంట చూపించి,
"ఇది నేదు. నా పెళ్ళినాటికుండేది."
పక్కన నూకరత్నం పెన్సిలు కదిలింది.
అడ్డగీత అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఎందుకు లేదు? నా ప్రశ్న, టీచరు ప్రశ్న.
ఆవిడ కారణాలు చెప్పలేదు.
రాతి సందులో చెయ్యి పెట్టి
ఒక షాంపూ పాకెట్టు లాగింది.
తెగిన నైలాన్ వల ముక్క లాగింది.
పసుపు రంగు ఇంకా పోని
వినాయకుడి అభయహస్తం లాగింది.
నాలుగోసారి ఒక ఫ్లెక్సీ పేలిక.
'సముద్రాన్ని కాపా' వరకే ఉంది.

పోటు మొదలైంది.
మోకాళ్ళ దాకా తడిసి ఇంటికొచ్చాను.

చార్టుకి వెనకవైపు ఉందని
ఆ రాత్రే చూశాను.
రాయి చాలక అటు సముద్రం మొదలుపెట్టింది ఆ పిల్ల,
అంచు దాకా పేర్లే.
ముందువైపు నా నాలుగు అలాగే ఉంది.
ఎర్రసిరా, చెరగదు.

సోమవారం హాజరుపట్టీ తెరిచాను.
నలభై ఒక్క మందీ పలికాక మూయలేదు.

"కానాగంతలు?"
"ఉన్నాయి టీచర్!" సగం క్లాసు.
"గులివింద?"
"పొద్దున్నే తిన్నాను టీచర్." నవ్వులు.
"ముళ్ళబంతి?"
నూకరత్నం ఒక్కతే చెయ్యెత్తింది.
"పాలసొర?"

ఫ్యాను చప్పుడు.

ఆబ్సెంటు వేద్దామని పెన్ను ఎత్తాను.
చివరి బెంచీలోంచి మైలపల్లి దానయ్య,
ఏ ప్రశ్నకీ ఎప్పుడూ లేవనివాడు, లేచాడు.

"ఉండండి టీచర్.
మా నాన్న బోటు రేత్రికొస్తాది.
అడిగి సెప్తాను."